కన్నానికి కుట్టిన మెత్త

చలికాలం గుమ్మం దాకా వచ్చిందంటే ఏ ఇల్లాలికైనా ముందు గుర్తొచ్చేవి కిటికీలే. ఆ ఉదయం టైలరమ్మ కూడా మిషన్ దగ్గర కూర్చోలేదు. ముందుగదిలో స్టూలు ఎక్కి, కిటికీ చెక్కకీ గోడకీ మధ్య సందుల్లో ఉన్ని పీలికలు కూరుతోంది. చలికోట్లు కుట్టగా మిగిలిన ముక్కలన్నీ ఏడాది పొడుగునా సంచిలో దాచిపెట్టింది ఇందుకోసమే.

"ఎక్కడా సూది దూరకూడదు," అంది తనలో తనే.

"సూది సంగతేమో గానీ, నా మోకాళ్ళలోకి మాత్రం గునపాలు దూరుతున్నాయే," అంది మంచం మీద నుంచి అత్తగారు.

నెల కిందట స్నానాలగదిలో జారిపడి ఆవిడ తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఆవిడ మంచాన్ని ముందుగదిలోకి మార్చారు. ఇల్లంతటికీ ఆ గదే వెచ్చన. కోడలు కుట్టుపని చేసేది అక్కడే. దళసరి ఉన్ని కోట్ల మడత నిలబడాలంటే కరెంటు ఇస్త్రీపెట్టె చాలదు, బరువైన బొగ్గుల పెట్టె కావాలి. మూలన కుంపట్లో బొగ్గులు రాజేసి, ఎర్రబడ్డవాటిని పెట్టెలో నింపుకుంటుంది. అదే కుంపటి ముసలావిడ పాదాలకి కాపడం. ఒక్క ఖర్చుతో రెండు పనులని టైలరమ్మ మురిసిపోయేది.

పెద్ద సందులు పీలికలతో ఆగవు కనుక వడ్రంగిని పిలిచారు. ఆయన్ని వీధంతా రెండుకొలతల మేస్త్రి అంటారు. ఏ చెక్కనైనా రెండుసార్లు కొలిస్తే గానీ రంపం పెట్టడు. రోజంతా తలుపులు చిత్రిక పట్టి, వదులైన అద్దాలు బిగించి, గడప కింద పట్టీ కొట్టాడు. సాయంత్రం వెళ్ళబోయే ముందు నిచ్చెన వేసుకుని, కిటికీకి పైన కప్పుకి దగ్గరగా గోడలో బెత్తెడు వెడల్పున గుండ్రంగా ఒక కన్నం తొలిచి, దానికి ఇనుపజాలీ బిగించాడు.

టైలరమ్మ తెల్లబోయింది. "ఇదేంటి మేస్త్రీ? పొద్దుట్నుంచీ అన్నీ మూసి, ఆఖర్న మీరే కన్నం పెడుతున్నారు?"

"అది ఉండాలమ్మా. దాన్ని ముయ్యకండి."

"చలిగాలి రాదూ?"

"వస్తే రానీండి. ముయ్యకండి, అంతే."

మేస్త్రికి చేతులు ఎంత చురుకో నోరు అంత బద్ధకం. ఎందుకు ముయ్యకూడదో చెప్పలేదు. బొగ్గులున్న గదికి ఆ మాత్రం సందు ఉండాలన్నది అందరికీ తెలిసిన సంగతేననుకున్నాడు. మంచంలో ఉన్న ముసలావిడని చూసి మాత్రం ఆగాడు. "పెద్దావిడని చూసుకోవడానికి మనిషి కావాలంటే మా వీధిలో ఒక ఆయా ఉంది. ఆస్పత్రిలో పదేళ్ళు పనిచేసింది. రమ్మంటారా?"

టైలరమ్మకి అప్పుడు అదే కావాలి. యాభై చలికోట్లు ఒక బడికి నెల తిరక్కుండా ఇవ్వాలి. సరేనంది.

ఆ మర్నాడే ఎదురింటి నుంచి కిటికీ పిన్ని వచ్చింది. ఆవిడకి ఆ పేరు పెట్టింది టైలరమ్మ కూతురు, తొమ్మిదేళ్ళ పాప. ఎప్పుడు చూసినా ఆవిడ అల్లిక పట్టుకుని తన కిటికీ దగ్గరే ఉంటుంది మరి. వస్తూనే కళ్ళు పైకెత్తి కన్నాన్ని చూసింది.

"అమ్మాయ్, అది దేనికే?"

"ఏమో పిన్నిగారూ. ముయ్యొద్దన్నాడు."

"ముయ్యొద్దంటే ముయ్యవా? పని కొంచెం మిగిల్చి పోవడం వీళ్ళకి అలవాటు. చలేస్తే నువ్వే మళ్ళీ పిలుస్తావని." ఊలు బంతి ఒళ్ళో సర్దుకుని గొంతు తగ్గించింది. "అంతేనా, ఇంకేమైనా ఉందా? ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు చూసుకోవడానికి కూడా పనికొస్తుంది అలాంటి కన్నం."

"ఊరుకోండి పిన్నిగారూ, అంత ఎత్తునా?"

"నిచ్చెన వాడి దగ్గరే ఉందిగా!"

టైలరమ్మ నవ్వేసింది. కానీ ఆ మాట నవ్వుతో పోలేదు. ఆ మధ్యాహ్నమంతా దారం తెంపినప్పుడల్లా ఆమె చూపు కన్నం మీదికే పోయింది. సాయంత్రానికి అత్తగారు నెత్తి మీద చల్లగా తగులుతోందని మూలిగింది. అంతే, మిగిలిన ముక్కలోంచి రెండు గుండ్రాలు కత్తిరించి, లోపల పీలికలు దట్టంగా కూరి, అంచు తిప్పి సన్నటి కుట్టు వేసి, కన్నానికి సరిగ్గా సరిపోయే మెత్త కుట్టింది. స్టూలెక్కి జాలీకి లోపలి వైపు నుంచి నొక్కిపెట్టింది. సీసాకి బిరడాలా దిగింది.

"ఇప్పుడు చెప్పండి అత్తయ్యా!"

"నా తల్లే! నీ చేతిపనికి వంక పెట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు," అంది అత్తగారు దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ.

ఆ ఇంట్లో అందరూ హాయిగా నవ్విన చివరి సాయంత్రం అదే.

ఆ మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆయా వచ్చింది. నలభై దాటిన మనిషి, తలకి బిగించి కట్టుకున్న గుడ్డ, తక్కువ మాట. చెప్పులు గుమ్మం బయట విప్పి, చేతులు రెండుసార్లు కడుక్కుని, ముసలావిడ నడుం కింద చెయ్యివేసి ఇటునుంచి అటు తిప్పింది. అత్తగారు కెవ్వుమనడానికి నోరు తెరిచి, నొప్పి తెలియక మళ్ళీ మూసుకుంది.

"ఏం చేశావే? మంత్రమా?"

"మంత్రం కాదు పెద్దమ్మా, మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియడం."

ఒళ్ళు తుడిచింది, జడ వేసింది, పదకొండింటికి వేడిపాలు పట్టింది. టైలరమ్మ మనసు తేలికపడింది. అయితే మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆమెకి కణతల దగ్గర పోటు మొదలైంది. నాలుగింటికి కడుపులో తిప్పింది. అత్తగారైతే పాలు తాగిన దగ్గర్నుంచీ మత్తుగా నిద్రపోతూనే ఉంది. బడి నుంచి వచ్చి ఆ గదిలోనే కూర్చుని హోంవర్కు చేసుకున్న పాప, రాత్రి భోజనం దగ్గర తల పట్టుకుంది.

ఒకరోజైతే పని ఒత్తిడి అనుకోవచ్చు. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే.

"ఆయా రాకముందు నీకు ఎప్పుడైనా తలనొప్పి వచ్చిందా?" అని అడిగాడు భర్త.

అతను బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బండి ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది, ఎక్కడ ఆలస్యమైంది రాసుకోవడమే ఇరవై ఏళ్ళుగా అతని పని. బండి ఆలస్యమైతే డ్రైవరు చెప్పే కారణం వినడు, కాగితం చూస్తాడు. కాగితం అబద్ధం చెప్పదని అతని నమ్మకం.

"లేదండీ," అంది భార్య.

"నాకు ఇప్పుడూ రావడం లేదు. ఎందుకంటావ్? ఆ మనిషి చేతిపాలు నేను తాగడం లేదు కనుక."

అతను రోజంతా డిపో ఆవరణలో చలిగాలిలో నిలబడి ఉంటాడన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. కుంపటి ఆరిన తరువాతే అతను ఇంటికి చేరతాడన్నదీ తట్టలేదు.

మర్నాడే డిపో నుంచి గళ్ళ కాగితాలు తెచ్చాడు. నిలువుగా గీతలు గీసి తలకట్టు రాశాడు. ఆయా వచ్చిన వేళ. పాలు ఇచ్చిన వేళ. నొప్పి మొదలైన వేళ. ఆయా వెళ్ళిన వేళ. "ఇది ఆమె కంట పడకుండా గుడ్డల మధ్య పెట్టి, రోజూ నింపు," అని భార్య చేతికిచ్చాడు.

పాఠకులు గమనించాలి. అనుమానం వచ్చినవాళ్ళు నిజం తెలుసుకోవాలనే బయల్దేరతారు. ఈ దంపతులూ చెడ్డవాళ్ళు కాదు. ఒక మనిషిని నోటికొచ్చినట్టు అనెయ్యకుండా రుజువు కోసం చూశారు. కానీ కాగితం మీద గడులు గీసే వేళకే దోషి ఎవరో వాళ్ళు నిర్ణయించేసుకున్నారు.

ఆ తరువాత ఆయా చేసిన ప్రతి పనికీ ఆ ఇంట్లో ఇంకో అర్థం పుట్టింది. గంటకోసారి గుమ్మం బయటికి వెళ్ళి నిలబడేది. ఎవరి కోసం చూస్తోందో! "ఊపిరి సలపడం లేదమ్మా, కాసేపు కిటికీ తీద్దామా?" అని అడిగేది. కిటికీలోంచి ఎవరికి ఏం అందించాలనో! ఒకరోజు టైలరమ్మ మిషన్ మీదే తల వాల్చేస్తే, నుదుటి మీద చెయ్యి వేసి, "నాకూ ఇక్కడ కూర్చుంటే తల పట్టేస్తోందమ్మా," అంది.

"నీకు కూడానా?" అంది టైలరమ్మ ఆ చేతిని పక్కకి తీసేస్తూ. ఆ రాత్రి భర్తతో, "ఎంత నటనండీ! నా తల పగిలిపోతుంటే తనకీ ఉందంటుంది," అని వాపోయింది.

మొదటి ఆదివారం వచ్చింది. ఆయాకి సెలవు. ఆశ్చర్యం, ఆ రోజు ఇంట్లో ఎవరికీ తలనొప్పి లేదు. అత్తగారు లేచి దిండుకి ఆనుకుని కూర్చుని పాపకి పొడుపుకథలు వేసింది. సోమవారం ఆయా వచ్చింది, మధ్యాహ్నానికి తలనొప్పీ వచ్చింది. రెండో ఆదివారం మళ్ళీ అందరూ కులాసా.

టైమ్‌కీపరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వీధి దాటాడు. కిటికీ పిన్ని చేత చదివించాడు.

"ఇంకా ఏం కావాలి నాయనా?" అంది ఆవిడ కళ్ళజోడు తీస్తూ. "కన్నం పెట్టినవాడూ వాడే, మనిషిని పంపినవాడూ వాడే. ఇద్దరిదీ ఒకే వీధి. పెద్దావిడని మత్తులో పెట్టడం, ఇంటి ఆనుపానులు చూసుకోవడం. నేను మొదటిరోజే అనలేదూ?"

కిటికీ పిన్ని కడుపులో ఏ మాటా రెండు పూటలు నిలవదు. అదే వారంలో ఆ ముచ్చట ఆయా సాయంత్రం పూట పనిచేసే ముసలి దంపతుల ఇంటికి చేరింది. వచ్చే నెల బాలింత దగ్గరికి రమ్మని ఆయాకి ముందే చెప్పి ఉంచిన బడిపంతులమ్మ ఇంటికీ చేరింది. "నాకెందుకులే గానీ, మీ మంచికోరి చెప్పాను," అని రెండుచోట్లా అందావిడ.

శనివారం సాయంత్రం ఆయా వెళ్ళబోతుంటే టైమ్‌కీపరు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆయా ముసలావిడ వైపు చూసింది. "పెద్దమ్మకి ఇంకా నడక రాలేదయ్యా."

"మా అమ్మ సంగతి మేం చూసుకుంటాం. పాలలో ఏం కలుపుతున్నావో చెబితే మర్యాదగా పోతావ్."

ఆ మాట విన్నాక ఆయా తలకి కట్టుకున్న గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది.

"పాలు మీ ఇంట్లోవి. కాచే గిన్నె మీది. నేను కలిపేది చక్కెరే, అది కూడా మీ డబ్బాలోదే," అంది. తరువాత టైలరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నన్ను పంపించెయ్యండి. కానీ ఈ గదిలో మాత్రం ఏదో బాగాలేదు. బయటికెళితే నా తల దిగుతోంది, లోపలికొస్తే పడుతోంది. పెద్దమ్మ మంచం వెనకగదిలోకి మార్చండి."

"ఉచిత సలహాలు కూడానా?" అన్నాడు టైమ్‌కీపరు. తలుపు వేసి, పైగొళ్ళెం, కిందగొళ్ళెం రెండూ బిగించాడు.

ఆదివారం ఎప్పట్లాగే అందరూ బాగున్నారు. "చూశావా?" అన్నాడు భర్త. "చూశాను," అంది భార్య.

సోమవారం చలిగాలులు మరీ ఎక్కువై బడికి సెలవిచ్చారు. టైలరమ్మ తొమ్మిదింటికి కుంపటి రాజేసింది. బుధవారానికి కోట్లు ఇవ్వాలి, ఇంకా పద్నాలుగింటికి చివరి కుట్లూ ఇస్త్రీ మిగిలాయి. తలుపు సందుల్లోంచి కూడా గాలి రాకుండా గడప దగ్గర పాత దుప్పటి దోపింది. పాప గోడవార కూర్చుని గుండీలు ఏరుతోంది. అత్తగారు కుంపటి వైపు పాదాలు చాపుకుని పడుకుంది.

పదకొండింటికి టైలరమ్మ కణతల్లో పోటు మొదలైంది.

చేతిలోని ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ఆయా లేదు కదా, మరి ఇదేమిటి? ఆ ప్రశ్నని ఇంకో అడుగు ముందుకు నడిపించి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. కానీ పదిహేను రోజులుగా ఒకే దారిన నడిచిన బుద్ధి ఇప్పుడు మాత్రం పక్కదారి చూస్తుందా? పోతూ పోతూ నీళ్ళ బిందెలో ఏమైనా వేసి పోయిందేమో అనుకుంది. లేచి తూలుతూ వెళ్ళి బిందెడు నీళ్ళూ పెరట్లో పారబోసింది. చక్కెర డబ్బా కూడా బోర్లించింది. పెరట్లో నిలబడ్డ ఆ రెండు నిమిషాలూ తల కాస్త తేలికైంది. ఇప్పుడు తెలిసింది, అంతా ఆ నీళ్ళలోనే ఉంది అనుకుని, మళ్ళీ లోపలికి వచ్చి తలుపు గట్టిగా మూసుకుంది.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా ఆయా మేస్త్రి కొట్టు ముందు నిలబడి ఉంది. ఆయన రెండు రోజులుగా పొరుగూరి పని మీద వెళ్ళి అప్పుడే వచ్చాడు.

"మీ మాట మీద నన్ను పెట్టుకున్నారు. నేను చెడ్డపేరుతో బయటికొచ్చానని మీకు చెప్పాలిగా, అందుకొచ్చాను," అంది.

మేస్త్రి చిత్రిక ఆపకుండా విన్నాడు. తలనొప్పుల సంగతి, మత్తు సంగతి, గుమ్మం బయటికొస్తే తగ్గడం సంగతి విన్నాక చిత్రిక నెమ్మదించింది.

"నేను పెట్టిన కన్నంలోంచి గాలి వస్తోందా ఆ గదిలోకి?"

"కన్నమెక్కడ ఉంది? టైలరమ్మ దానికి మెత్త కుట్టి పెట్టిందిగా. ముచ్చటగా ఉంటుంది, అంచు కుట్టి."

మేస్త్రి చేతిలో ఉన్నదాన్ని బల్ల మీద వదిలేశాడు. ఏం చెప్పకుండా సుత్తి తీసుకుని వీధిలోకి పరుగెత్తాడు. ఆయన అంత వేగంగా నడవడం కూడా ఎవరూ చూసి ఉండరు. ఎందుకని అడగకుండా ఆయా ఆయన వెనకే పరుగెత్తింది.

వాళ్ళు టైలరమ్మ గుమ్మం ఎక్కేసరికి రెండు దాటింది. తలుపు కొడితే పలకలేదు. ఎదురింటి కిటికీ మాత్రం దభాలున తెరుచుకుంది.

"ఏయ్! మీరిద్దరూనా? మగాడు ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చారా? సుత్తి కూడానా? ఇరుగుపొరుగూ! రండమ్మా రండి!"

నలుగురు పోగయ్యారు. ఒకాయన మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. కిటికీ పిన్ని చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి వచ్చి ఆయాకి అడ్డం నిలబడింది. మేస్త్రికి మామూలుగానే మాటలు రావు, ఆ కంగారులో అసలు రాలేదు. "కన్నం... కన్నం..." అంటున్నాడు. కన్నం అన్న మాట వింటూనే ఆ పట్టుకున్నాయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఆయా అరవలేదు. కిటికీ పిన్ని రెండు భుజాలూ పట్టుకుని ఆవిడ కళ్ళలోకి చూసింది.

"పిన్నిగారూ, మీకు అన్నీ వినబడతాయిగా. మిషన్ చప్పుడు వినబడుతోందా?"

పిన్ని చెవి రిక్కించింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ వీధికి గుండెచప్పుడులా వినిపించే మిషన్ మూగగా ఉంది. బుధవారానికి కోట్లు ఇవ్వాలని టైలరమ్మే చెప్పింది నిన్న. ఎప్పుడు ఆగింది? పన్నెండింటికా, ఒంటిగంటకా? ఎదుటివాళ్ళ వాకిలి మీద అంత కాపలా కాసిన మనిషికి ఆ సంగతే తెలియలేదు.

"వదలండి," అంది పిన్ని పాలిపోయిన ముఖంతో. "ఆయన్ని వదలండయ్యా! కొట్టు మేస్త్రీ, కొట్టు!"

తను రెండుసార్లు కొలిచి బిగించిన అద్దాన్ని మేస్త్రి ఒక్క దెబ్బతో పగలగొట్టాడు. లోపలి వేడి ఆయన ముఖానికి కొట్టింది. ఆయా పమిట ముక్కుకి అడ్డం చుట్టుకుని కిటికీలోంచి దూకి, ముందు తలుపు గొళ్ళేలు రెండూ తీసింది. గుండీల మధ్య బోర్లా పడి ఉన్న పాపని ఎత్తి పిన్ని చేతుల్లో వేసింది. మళ్ళీ లోపలికెళ్ళి, ముసలావిడ నడుం కింద అదే మోచెయ్యి వేసి, విరిగిన తుంటి కదలకుండా మేస్త్రి సాయంతో బయటికి తెచ్చింది. టైలరమ్మని మిగతావాళ్ళు ఈడ్చుకొచ్చారు. మండుతున్న కుంపటిని మేస్త్రి వీధిలోకి లాగేశాడు. ఆ చలిగాలిలో, ఎవరికి చలేస్తోందో ఎవరికీ గుర్తులేకుండా, అందరూ ఆ ముగ్గురి ముక్కుల ముందు వేళ్ళు పెట్టి చూస్తూ నిలబడ్డారు.

ముగ్గురికీ ఊపిరి ఉంది.

డిపో నుంచి టైమ్‌కీపరు ఆస్పత్రికి చేరేసరికి పాప కళ్ళు తెరిచింది. టైలరమ్మకి ముఖానికి ప్రాణవాయువు గొట్టం పెట్టారు, తెలివిగానే ఉంది. అత్తగారి గురించి మాత్రం రెండు రోజులు ఆగాలన్నారు. ఎవరు కాపాడారో అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు. జేబులోంచి కాగితం తీసి, నెరిసిన జుట్టు డాక్టరమ్మ చేతిలో పెట్టాడు.

"డాక్టరుగారూ, ఇదిగో రుజువు. పదిహేను రోజులు వేళలతో సహా రాశాం. ఆయా పాలలో ఏదో కలిపింది. మీరు సంతకం పెడితే పోలీసులకి ఇస్తాను."

డాక్టరమ్మ కాగితం మొదట్నుంచి చివరిదాకా ఓపిగ్గా చదివింది.

"చాలా శ్రద్ధగా రాశారు. ఆదివారాలు ఎవరికీ నొప్పి లేదు, అవునా?"

"అదేగా! ఆదివారం ఆయా రాదు."

"ఆదివారం మీ ఇంట్లో ఇంకేం జరగదు?"

టైమ్‌కీపరు తడుముకున్నాడు. "ఇంకేం... ఇంకేం లేదండీ."

పక్క మంచం మీద నుంచి పాప సన్నటి గొంతు వినిపించింది. "ఆదివారం అమ్మ ఇస్త్రీ చెయ్యదు నాన్నా. కుంపటి వెలిగించదు."

డాక్టరమ్మ కలం తీసి, కాగితం అంచున మిగిలిన ఖాళీలో ఒక గీత గీసి, పైన "కుంపటి" అని రాసింది. ఆదివారాలు వదిలేసి ప్రతిరోజూ ఎదురుగా ఒక టిక్కు పెట్టింది. నిన్నటి ఆదివారం ఖాళీ. ఆయా రాని సోమవారం ఎదురుగా పెద్ద టిక్కు.

"మూసిన గదిలో బొగ్గు కాలితే ఒక విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తరువాత మత్తు, ఆ తరువాత లేవరు. చలికాలం వస్తే ఇలాంటి ఇళ్ళు నేను ఎన్నో చూస్తాను. పోయేందుకు సందు ఉంటే అది ఇంతగా పేరుకోదు," అంది కాగితం తిరిగి ఇస్తూ. "మీ కాగితం అబద్ధం చెప్పలేదు. మీరు అడగని ప్రశ్నకి అదేం జవాబు చెబుతుంది? ఆ ఆయమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. అద్దం గుచ్చుకుని చేతికి ఐదు కుట్లు పడ్డాయి. పెద్దావిడ లేచేదాకా కదలనంటోంది."

టైమ్‌కీపరు బయటికి వెళ్ళాడు. బెంచీకి ఒక చివర ఆయా, ఇంకో చివర మేస్త్రి. మేస్త్రే ముందు నోరు విప్పాడు.

"తప్పు నాదీ ఉందయ్యా. ముయ్యొద్దన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. చెప్పుంటే ఇంత దాకా వచ్చేది కాదు."

మూడోరోజు అత్తగారు కళ్ళు తెరిచింది. ముందు అడిగిన మాట, "ఆ మోచెయ్యి మనిషి ఏదే?" అని.

టైలరమ్మ ఇంటికి తిరిగొచ్చేసరికి మేస్త్రి కొత్త అద్దం వేసి పోయాడు. కన్నంలోంచి సన్నగా గాలి వస్తోంది. మెత్త కుట్టుబల్ల మీద ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. ఎంత బాగా కుట్టిందో! ఒక్క పోగు బయటికి లేదు. ఏ పని చేసినా లోపం లేకుండా చెయ్యాలన్న గర్వం అందులో కుక్కి ఉంది. కుట్టు కత్తెరతో ఒక్కొక్క పోగూ విప్పేసి, ఆ సాయంత్రమే భర్తని వెంటబెట్టుకుని ఆయా ఇంటికి వెళ్ళింది.

చేతులు పట్టుకుని ఏడవబోతే ఆయా ఆపింది. "ఏడుపులు తరువాతమ్మా. బాలింత ఇంటివాళ్ళు నన్ను వద్దన్నారు. సాయంత్రం ఇంటివాళ్ళూ గేటు దగ్గరే ఆపేశారు. ఆ కాగితం ఇంకా ఉందా?"

"ఉంది," అన్నాడు టైమ్‌కీపరు తల దించుకుని.

"నాకు చదవడం రాదు. డాక్టరమ్మ రాసింది కూడా అందులో ఉందటగా. అది పట్టుకుని ఆ రెండిళ్ళకీ వచ్చి చదవండి. నా మీద మాట మీ ఇంట్లోంచి బయల్దేరింది, మళ్ళీ మీ నోటితోనే సరిచెయ్యాలి."

వెళ్ళారు. కిటికీ పిన్ని కూడా అల్లిక ఇంట్లో పారేసి వెంట వచ్చింది. బడిపంతులమ్మ గుమ్మంలో టైమ్‌కీపరు, బస్సు వేళలు చదివినట్టు, ఒక్కో వరుసా చదివాడు. చివర, "నేను ఈ గడి గీయలేదు. ఈమె దోషం లేదు. దోషం మాది," అన్నాడు. పంతులమ్మ ఆయా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ముసలి దంపతులు మాత్రం గేటు తియ్యలేదు. "మీరు చెప్పేది నిజమే కావచ్చు. అయినా ఒకసారి అనుమానం వచ్చాక మా మనసు ఒప్పదు," అని లోపలి నుంచే చెప్పేశారు. కిటికీ పిన్ని గేటు పట్టుకుని, "ఆ మాట అన్నది నేను, నేనే! అబద్ధమని నేనే చెబుతున్నానుగా!" అని ఎంత మొత్తుకున్నా లోపల దీపం ఆరిపోయింది.

తిరిగొచ్చే దారిలో మలుపు దగ్గర ఆయా ఆగింది.

"రేపు తొమ్మిదింటికి వస్తాను, పెద్దమ్మ కోసం. కిటికీ ఎప్పుడు తియ్యాలో మాత్రం నేను చెబుతాను."

"నువ్వే చెప్పు," అంది టైలరమ్మ. "కుంపటి ఇక పెరట్లోనే."

ఆ ఇంట్లో ఇప్పుడు కూడా చలికాలం వస్తే సందులన్నిటికీ ఉన్ని పీలికలు కూరతారు. కప్పు దగ్గర కన్నం మాత్రం తెరిచే ఉంటుంది. దాని కింద గోడకి ఒక గళ్ళ కాగితం అంటించి ఉంటుంది, చివరి గడి వేరే చేతిరాతలో. కోట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే టైలరమ్మ మిషన్ ఆపి చెబుతుంది: "ఇల్లు వెచ్చగా ఉండాలని అన్నీ మూసేశాం. మా ప్రాణం తీయబోయింది మేం మూసిన ఇల్లు, ప్రాణం నిలబెట్టింది మేం వెళ్ళగొట్టిన మనిషి. గాలి ఆడేంత సందు గదికీ ఉంచుకోండి, నేను పొరబడ్డానేమోనని అనుకునేంత సందు మనసుకీ ఉంచుకోండి."